రెండు ఊళ్ళలోని సిమ్యులేటర్లను నెట్‌వర్క్‌తో కలిపితే అదనంగా వచ్చేదేమిటి?

వేర్వేరు కేంద్రాల్లోని ఫ్లైట్ సిమ్యులేటర్లను (నేల మీదే విమానం నడిపిన అనుభవమిచ్చే శిక్షణ యంత్రాలను) కలపడం ఖర్చుకు తగ్గ పనేనా, మంచి సిమ్యులేటర్ ఒక్కటి చాలదా అని అడిగారు. ఇలాంటి అనుసంధానమే నా వృత్తి. విమానం నడపడం నేర్చుకోవడానికి ఒక్కటి చాలు. అయితే దూరదూరంగా కూర్చుని, ఒకరి నిర్ణయం మీద మరొకరు ఆధారపడి పనిచేసే బృందాలకు అది చాలదు.

చంద్రయాత్రల కాలంలోనే నాసా వ్యోమగాముల సిమ్యులేటర్లను హ్యూస్టన్‌లోని మిషన్ కంట్రోల్‌తో (యాత్రను నేల మీదినుంచి నడిపించే కేంద్రంతో) కలిపి సాధన చేయించేది. 1969 జూలై మొదట్లో అలాంటి ఒక సాధనలో, చంద్రుడి మీద దిగుతుండగా కంప్యూటర్‌లో పని ఎక్కువైందని చెప్పే 1201 అలారం మోగేలా శిక్షకులు ఏర్పాటు చేశారు. మిషన్ కంట్రోల్‌లో నౌక మార్గనిర్దేశాన్ని చూసే స్టీవ్ బేల్స్ దిగడం ఆపేయమన్నారు. ఆపవలసిన అవసరం లేదని తర్వాతి సమీక్షలో తేలడంతో, ఏ అలారానికి ఏం చేయాలో ఆయనకు సహకరించే కంప్యూటర్ ఇంజనీరు జాక్ గార్మన్ ఒక పట్టిక రాసి పెట్టుకున్నారు. జూలై 20న అపోలో 11 నిజంగా దిగుతున్నప్పుడు అదే కోవకు చెందిన 1202 అలారం వస్తే, కొనసాగవచ్చన్న జవాబు కొన్ని సెకన్లలోనే వెళ్ళింది. నేల మీది బృందాన్ని కూడా కలుపుకోని సాధనలో ఈ లోటు బయటపడేది కాదని నా నమ్మకం.

ఇక ఆచరణలో ఇబ్బంది పెట్టేది నెట్‌వర్క్ వేగం కంటే గడియారాలే. సిమ్యులేటర్లు ఒకదానితో ఒకటి సమాచారం ఇచ్చిపుచ్చుకునే పద్ధతిని నిర్దేశించే ఐఈఈఈ 1278 ప్రమాణం ప్రకారం ప్రతి సిమ్యులేటర్ తన స్థానాన్ని, వేగాన్ని, వాటితో పాటు సమయాన్ని పంపుతుంది. అందుకున్న సిమ్యులేటర్ తర్వాతి సందేశం వచ్చేదాకా విమానం ఎక్కడ ఉంటుందో అంచనా కట్టి చూపిస్తుంది. సెకనుకు 250 మీటర్ల వేగంతో పోయే విమానం విషయంలో, రెండు చోట్ల గడియారాలకు 100 మిల్లీసెకన్ల తేడా ఉంటే 25 మీటర్ల పొరపాటు వస్తుంది. నేను పనిచేసిన ఒకచోట, పక్క విమానం ఉండవలసిన చోట ఉండడం లేదని పైలట్లు పదేపదే ఫిర్యాదు చేసేవారు. నెట్‌వర్క్ లైన్లో లోపమేమీ కనబడలేదు, గడియారాలు సరిచేశాక సమస్య తీరింది.

భూతలం డేటా (నేల ఎత్తుపల్లాల వివరాలు) కూడా రెండు చోట్లా ఒకటే అయి ఉండాలి, లేకపోతే ఒకరి తెరమీద నేలపై నిలిచిన హెలికాప్టర్ మరొకరికి గాలిలో తేలుతూ కనిపిస్తుంది. మీ సంస్థ ఈ పని మొదలుపెడితే, ఖరీదైన తెరల సంగతి తర్వాత చూడవచ్చు. ముందు గడియారాలు, భూతలం డేటా ఈ రెండింటికీ సమయం, డబ్బు కేటాయించమని అడగండి.