అగ్నినాగులు కాల్చిన నేలలో తొలి ఏడాది ఏం వేయాలి?

సందేహం: పన్నెండేళ్లు సైన్యంలో ఉన్నాను. యుద్ధం ముగిశాక సరిహద్దులో ఐదెకరాలు ఇచ్చారు. అగ్నినాగులు ఆ ప్రాంతమంతా కాల్చేశాయి. లోతుగా దున్ని ధాన్యం వేద్దామంటే, కురిసిన వాన నేలలోకి దిగకుండా జారిపోతోంది. నేలకు శాపం తగిలిందంటున్నారు. ఎద్దులు లేవు, నా యుద్ధాశ్వంతో దున్నవచ్చా? మూడో ఏటి నుంచి శిస్తు కట్టాలి.
– ఒక మాజీ సైనికుడు

సలహా: శిస్తుకు ఇంకా వ్యవధి ఉంది కాబట్టి ఈ వానాకాలం గింజల మీద ఆశ పెట్టుకోకండి. ముందు నేల కోలుకోవాలి.

మీ నేలకు ఏ శాపమూ లేదు. గడ్డి, ఆకులు మండినప్పుడు వాటిలోని మైనం వంటి పదార్థాలు ఆవిరై, కింద చల్లగా ఉన్న మట్టి రేణువులకు పూతలా అంటుకుంటాయి. నీటిని దిగనివ్వనిది ఆ పూతే. బూడిద పక్కకు తీసి, మట్టిని కొద్దికొద్దిగా గీకుతూ నీటి చుక్క వేసి చూడండి. 5 సెకన్లు దాటినా ఇంకకుండా నిలిస్తే పొర అక్కడే ఉన్నట్టు. సాధారణంగా అది పై రెండు మూడు అంగుళాల్లోనే ఉంటుంది. కాస్త పదును ఉన్నప్పుడు వాలుకు అడ్డంగా పైపైన గొర్రు తోలితే పగులుతుంది. లోతు దుక్కి మాత్రం వద్దు. వేళ్ల పట్టు లేని వాలు నేలలో వదులైన మన్నంతా ఒక్క పెద్ద వానకే కొట్టుకుపోతుంది.

బూడిదలో పొటాష్, సున్నం ఉంటాయి. దాన్ని పారబోయకండి, కుప్పగానూ వదలకండి. కుప్ప ఉన్నచోట క్షారగుణం పెరిగి మొలకలు దెబ్బతింటాయి. పలచగా చల్లండి. మంటల్లో ఎక్కువగా పోయేది నత్రజని. దాన్ని తిరిగి తెచ్చేందుకు ఎకరాకు 10–12 కిలోల జీలుగ చల్లి, 45–50 రోజులకు పూత దశలో కలియదున్నండి. ఇసుక నేలైతే జనుము మేలు. ఇటుక రంగుకు మారిన మచ్చల్లో సేంద్రియ పదార్థం దాదాపు మిగలదు, ఉన్న పశువుల ఎరువంతా అక్కడే వేయండి. రెండో ఏట పెసర, ఆ తర్వాతే ధాన్యం.

గుర్రంతో దున్నవచ్చు. కానీ ఎద్దుల కాడి మాత్రం వేయకండి, అది గుర్రం గొంతును నొక్కి ఊపిరాడనివ్వదు. బరువు భుజాల మీద పడేలా మెత్తని పట్టెడ కుట్టించండి. దున్నేముందు మట్టిలోని బాణపు ములుకులు ఏరించండి. గుర్రాలకు ధనుర్వాతం ముప్పు చాలా ఎక్కువ.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పక తప్పదు. యుద్ధంలో చచ్చిన పశువులను పాతిన గుంటల జోలికి వెళ్లకండి. వాటిలో ఏ ఒక్కటి దొమ్మతో చచ్చినా ఆ రోగపు బీజాలు మట్టిలో దశాబ్దాలు బతికి ఉంటాయి. అక్కడ తవ్వవద్దు, మేపవద్దు. ఆ గుంటలు ఎక్కడున్నాయో మీతో పోరాడినవారికి తెలిసే ఉంటుంది. గొర్రు కట్టకముందే వారిని పిలిచి, చుట్టూ రాళ్లు పాతించండి.