ఆ బుడిపె బొడ్డే!

ప్రశ్న: మా కుక్క ఈని ఆరు రోజులైంది. ఐదు పిల్లలు. పెంచుకుంటామని అడిగినవాళ్లలో ఇద్దరికి మగవి కావాలట, ఒకరికి ఆడది. తిప్పి చూస్తే అన్నిటికీ పొట్ట మీద చిన్న బుడిపె ఉంది, చనుమొనలూ ఉన్నాయి. కళ్లు కూడా తెరవని పిల్లల్లో ఏది మగదో ఎలా తెలుస్తుంది డాక్టరు గారూ?

జవాబు: ఆ బుడిపె బొడ్డుతాడు రాలిన చోటు. దాని దగ్గర నేనూ ఒకసారి పప్పులో కాలేశాను. ప్రాక్టీసు మొదలెట్టిన కొత్తలో, కరెంటు పోయిన రాత్రి, టార్చి వెలుగులో ఎండీ ఎండని బొడ్డు ముక్కను చూసి ‘మూడూ మగవే’ అనేశాను. రెండు నెలలకు టీకాలకు తెస్తే అందులో రెండు ఆడవి! ఆ ఇంటావిడ నన్ను ఒక్క మాటా అనలేదు. ‘పేరేం రాయమంటారు?’ అని మాత్రం అడిగింది.

చనుమొనల్ని వదిలేయండి, మగవాటికీ ఉంటాయి. పిల్లను అరచేతిలో వెల్లకిలా పట్టుకుని, బొడ్డు నుంచి తోక వైపు చూడండి. కాస్త కిందనే రెండో బుడిపె, దాని కొసన సన్నటి రంధ్రం కనిపిస్తే మగది. ఆడదానికి బొడ్డు దాటాక పొట్టంతా నున్నగా ఉంటుంది. నాకైతే తోక ఎత్తి చూడటం మీదే ఎక్కువ గురి. మగదానికి అక్కడ మలద్వారం ఒక్కటే. ఆడదానికి దాని కింద, వెనక కాళ్ల మధ్య, ముడుచుకున్న చిన్న ఆకులా మరొకటి ఉంటుంది.

వృషణాల కోసం ఇప్పుడు వెతక్కండి. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలకు గానీ చేతికి తెలియవు. ఆరు నెలలకూ దిగకపోతే మాత్రం డాక్టరుకు చూపించాలి. లోపలే ఉండిపోయినవి తర్వాత కణితిగా మారే ప్రమాదం ఉంది, ఆపరేషన్ చేసి తీసేస్తాం. ‘లావుగా ఉంది, మగదే’ లాంటి లెక్కలు నమ్మకండి. ఉచ్చ పోసే తీరూ పనికిరాదు. చిన్నప్పుడు మగవీ కూర్చునే పోస్తాయి.

రెండు వారాలదాకా పిల్లలు ఒంటి వేడిని సొంతంగా నిలుపుకోలేవు. పాలు తాగాక, చేతులు వెచ్చచేసుకుని, తల్లి కళ్లెదుటే ఒక్కొక్కటిగా నిమిషంలోపు చూసి పెట్టేయండి. తల్లి గుర్రుమంటే ఆపేయండి, రేపు చూడొచ్చు. గుర్తు కోసం మెడకు దారం మాత్రం కట్టొద్దు. మెడ రోజురోజుకీ పెరుగుతుంది, దారం బిగుస్తుంది. ఒంటి మీది మచ్చలు కాగితం మీద రాసుకోండి చాలు.

ఎలాగూ ఎనిమిది వారాలు నిండేదాకా ఎవరికీ ఇవ్వకూడదు కదా, ఇచ్చే రోజు ఇంకోసారి తోక ఎత్తి చూడండి. నేను ఇప్పటికీ రెండుసార్లు చూస్తాను.