1930ల ఇంటికి హీట్ పంపా, మళ్లీ గ్యాస్ బాయిలరా?

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో 1930ల నాటి మూడు బెడ్‌రూముల సెమీ (ఒక గోడ పక్కింటితో కలిసి ఉండే ఇల్లు) కొన్నామని, ఇల్లంతా విప్పి బాగు చేయిస్తున్నామని రాశారు. పాత కాంబీ బాయిలర్ (ఇంటి వేడికీ, కుళాయి వేడి నీళ్లకీ కలిపి ఒకటే గ్యాస్ బాయిలర్) తీసేసి మళ్లీ గ్యాస్‌దే పెట్టాలా, కరెంటుతో నడుస్తూ బయటి గాలిలోంచి వేడి తీసే హీట్ పంప్‌కి వెళ్లాలా, కింద మొత్తం అండర్‌ఫ్లోర్ (నేల కింద వేడి నీళ్ల గొట్టాలు) వేయించాలా అన్నది మీ ప్రశ్న. మాదీ అదే కాలపు ఇల్లు, స్లౌలో. మేం హీట్ పంప్ పెట్టించాం. మీకూ అదే నప్పుతుందా లేదా అన్నది మాత్రం యంత్రాన్ని బట్టి కాదు, మీ గోడలు, రేడియేటర్లు (వేడి నీళ్లు తిరుగుతూ గదిని వెచ్చబరిచే పలకలు), వాటికి వెళ్లే పైపులను బట్టి ఉంటుంది.

పనివాళ్ల నుంచి కొటేషన్లు తెప్పించుకునే ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. బయట సున్నా దగ్గర్లో ఉన్న రోజున, ఇప్పుడున్న కాంబీలోనే రేడియేటర్లకు వెళ్లే నీటి వేడిని 50 డిగ్రీలకు తగ్గించి రోజంతా వదిలేయండి. చాలా ఇళ్లలో అది 70, 75 దగ్గర పెట్టి ఉంటుంది. 50లోనూ గదులు 20 డిగ్రీలకు వస్తే మీ ఇల్లు హీట్ పంప్‌కి దాదాపు సిద్ధంగా ఉన్నట్టే. ఏ గది రాలేదో చూసి రాసిపెట్టుకోండి, రేడియేటర్ మార్చాల్సింది అక్కడే. చివరికి గ్యాస్‌తోనే ఉండిపోయినా ఈ పరీక్ష వృథా కాదు. తిరిగొచ్చే నీళ్లు 55 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడే కండెన్సింగ్ బాయిలర్ పొగలో పోయే వేడిని సరిగ్గా పట్టుకుంటుంది, బిల్లు తగ్గుతుంది.

తర్వాత గోడలు. 1930ల ఇళ్లలో కొన్నింటికి మధ్యలో ఖాళీ ఉన్న రెండు వరసల గోడ, కొన్నింటికి ఒకటే మందపాటి ఇటుక గోడ. బయట ఇటుకలన్నీ పొడుగ్గానే కనిపిస్తే చాలావరకు ఖాళీ ఉన్న గోడే. మధ్యమధ్యలో ఇటుక పొట్టి వైపు కూడా కనిపిస్తుంటే ఒకటే గోడ. ఖాళీ ఉంటే అందులో ఇన్సులేషన్ (వేడి బయటికి పోకుండా ఆపే సరుకు) నింపించడం చవకలో అయిపోతుంది. లాఫ్ట్‌లో, అంటే పైకప్పు కింది అటకలో, 270 మిల్లీమీటర్ల మందాన వేయించండి. చెక్క ఫ్లోర్ ఎలాగూ ఎత్తుతున్నారు కాబట్టి దూలాల మధ్య కూడా పెట్టించేయండి, ఇంత మంచి అవకాశం మళ్లీ రాదు. చలిగాలి వస్తోందని బయట గోడ అడుగున ఉండే, ఫ్లోర్ కింద గాలి ఆడటానికి కన్నాలున్న ఇటుకలను మాత్రం మూయనివ్వకండి, కింద చెక్క కుళ్లుతుంది.

ఇక పైపులు. మా ఇంట్లో ఎప్పుడో ఎవరో వేసిన 10 మిల్లీమీటర్ల సన్న రాగి గొట్టాలు ఉండేవి. రేడియేటర్ వెనక ప్లాస్టర్‌లోంచి పెన్సిలంత లావున బయటికొస్తే అవే. హీట్ పంప్ నీళ్లను అంత వేడిగా పంపదు కాబట్టి అదే వేడి గదిలోకి రావాలంటే ఎక్కువ నీళ్లు తిరగాలి, ఆ సన్న గొట్టాల్లో అది కష్టం. కింది అంతస్తులో మేం అవన్నీ తీయించి లావువి వేయించాం. కొటేషన్ ఇవ్వడానికి వచ్చినవాళ్లలో ఒకాయన వాటివైపు చూడనేలేదు. హాల్లో నిలబడి, బెడ్‌రూములెన్నో అడిగి, పావుగంటలో అంకె చెప్పేశాడు. అలాంటివాళ్లకు టీ ఇచ్చి పంపించేయండి. పని తెలిసిన మనిషి ప్రతి గదీ, ప్రతి కిటికీ, ప్రతి రేడియేటరూ కొలుస్తాడు, గదికి ఎన్ని వాట్ల వేడి పోతోందో కాగితం మీద చూపిస్తాడు. మా ఇంటికి 7 కిలోవాట్లలోపే తేలింది. పాత కాంబీ మీద 28 అని రాసి ఉండేది. అది షవర్‌కి అప్పటికప్పుడు నీళ్లు కాచడానికి కావాలి గానీ ఇంటికి కాదు.

డబ్బు సంగతి. ఇంగ్లండ్, వేల్స్‌లలో బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ కింద గాలి నుంచి వేడి తీసే హీట్ పంప్‌కి 7,500 పౌండ్లు ఇస్తున్నారు. పంప్ బిగించేవాళ్లకు ఎమ్‌సీఎస్ సర్టిఫికెట్ (ఈ పనికి ఇచ్చే నాణ్యతా గుర్తింపు) ఉండాలి, దరఖాస్తు వాళ్లే చేసి కొటేషన్‌లోంచి తగ్గిస్తారు. 2027 మార్చి ఆఖరు దాకా వ్యాట్ లేదు. నడిపే ఖర్చులో మాత్రం అద్భుతాలు ఆశించకండి. 2025 చివర్లో యూనిట్ కరెంటు 26 పెన్స్ చిల్లర, గ్యాస్ 6 పెన్స్ చిల్లర. బాయిలర్‌లో పోయే నష్టం కలుపుకుంటే గ్యాస్ వేడి యూనిట్‌కి 7 పెన్స్ పడుతుంది. అంటే మీ పంప్ ఒక యూనిట్ కరెంటుకి మూడున్నర యూనిట్ల పైన వేడి ఇస్తేనే రెండూ సమానం. 45 డిగ్రీల నీళ్లతో నడిస్తే అది సాధ్యమే, 55తో అయితే అనుమానమే. నేను రేడియేటర్ల గురించి ఇంత నస పెట్టేది అందుకే. హీట్ పంపుల కోసం ఉన్న కరెంటు టారిఫ్ తీసుకుంటే లెక్క మనవైపు మొగ్గుతుంది.

గ్యాస్ కనెక్షన్ పూర్తిగా తీసేస్తే రోజువారీ స్టాండింగ్ ఛార్జీ (వాడినా వాడకపోయినా కట్టే రుసుము), ఏడాదికి వంద పౌండ్ల పైమాటే, అదీ మిగులుతుంది. కానీ అప్పుడు స్టవ్ కూడా పోతుంది. మా ఇంట్లో అసలు పంచాయతీ హీట్ పంప్ మీద కాదు, దీని మీదే జరిగింది. ఇండక్షన్ మీద ఇనప పెనంతో దోసెలు బాగానే వస్తాయి. పుల్కాలు మంట మీద పొంగించడం కుదరదు, అల్యూమినియం గిన్నెలన్నీ అటకెక్కాయి. ఇంట్లో వంట చేసేవాళ్లను ముందే అడగండి.

హీట్ పంప్ పెడితే కుళాయి వేడి నీళ్లకు సిలిండర్ (గ్యాస్‌ది కాదు, వేడి నీళ్లు నిల్వ ఉంచే ట్యాంక్) కావాలి, దానికి నిలువెత్తు బీరువా అంత చోటు కావాలి. పాత ట్యాంక్ అల్మరా తీసేసి గదిలో కలిపేసే ఆలోచన ఉంటే ఆపండి. ఇడ్లీ పిండి అందులో పులుస్తుందని ఆశ పడ్డాం గానీ, ఇప్పటి సిలిండర్లకు ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉంటుందంటే అల్మరా వెచ్చబడదు.

డిసెంబర్లో రాజమండ్రి నుంచి వచ్చిన మా అమ్మ రేడియేటర్ మీద చెయ్యి పెట్టి, "ఇది పనిచెయ్యట్లేదురా, మెకానిక్‌ని పిలువు" అంది. అప్పుడు గదిలో 21 డిగ్రీలు ఉంది. చెయ్యి కాలేంత వేడి ఉండదు, ఆపకుండా సన్నగా నడుస్తూనే ఉంటుంది. పొద్దున గంట, సాయంత్రం రెండు గంటలు వేసి ఆపేసే అలవాటు ఉంటే మానుకోవాలి. రోజంతా ఇంట్లో ఎవరూ ఉండని కుటుంబానికి ఈ పద్ధతి కాస్త దండగ అనిపించవచ్చు కూడా.

అండర్‌ఫ్లోర్: వెనక కొత్తగా కాంక్రీట్ వేసి కిచెన్ పెంచుతుంటే అక్కడ తప్పకుండా వేయించండి. పాత చెక్క ఫ్లోర్ ఉన్న గదుల్లో పెద్ద రేడియేటర్లు చాలు, ఖర్చు బాగా తగ్గుతుంది.

సిలిండర్‌కి చోటే లేకపోయినా, గోడల పని రెండు మూడేళ్ల తర్వాత అనుకుంటున్నా, ఇప్పటికి చిన్న గ్యాస్ బాయిలర్ పెట్టుకోవడంలో తప్పేం లేదు. అలా చేసినా లావు పైపులు, పెద్ద రేడియేటర్లు మాత్రం ఇప్పుడే, ప్లాస్టర్ వేసేవాళ్లు రాకముందే వేయించేయండి. ప్లంబర్ తేదీ ఖాయమయ్యాకే ప్లాస్టర్ వాళ్లకు అడ్వాన్స్ ఇవ్వండి.