నా బొమ్మే నేను వేసుకుంటున్నాను... ఇది జబ్బా?

ప్రశ్న: నా వయసు 31. రాజమహేంద్రవరంలో డ్రాయింగ్ టీచరుగా పనిచేస్తున్నాను. నాలుగు నెలల క్రితం, మూడో నెలలో అబార్షన్ అయింది. అప్పటి నుంచి రాత్రిళ్లు పడకగదిలో తలుపులు వేసుకుని, అద్దంలో చూసుకుంటూ ఆయిల్ రంగులతో నా బొమ్మే వేస్తున్నాను. తొమ్మిది పూర్తయ్యాయి. ఒకదానిలో ఒక చేయి పొట్ట మీద, రెండో చేతిలో స్కూటర్ తాళంచెవి ఉన్నాయి. మా అత్తగారు అవి ఇంట్లో ఉండకూడదంటున్నారు. మావారు మానసిక వైద్యుడికి చూపిద్దామంటున్నారు. ఉదయం లేస్తే తలనొప్పి, రోజంతా నీరసం. బొమ్మలు మానేయాలా?

జవాబు: మానేయనక్కరలేదు. కడుపు పోయిన దుఃఖాన్ని మన ఇళ్లలో పదిహేను రోజులకే మరిచిపొమ్మంటారు, మీరు దాన్ని ఎదురుగా పెట్టుకుని చూస్తున్నారు. తన బొమ్మ తాను వేసుకోవడం ఏ వైద్య గ్రంథంలోనూ వ్యాధి లక్షణం కాదు.

డ్రాయింగ్ టీచరు కనుక మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో పేరు మీకు తెలిసే ఉంటుంది. 1925లో బస్సు ప్రమాదంలో వెన్నెముక, కటి ఎముకలు విరిగి మంచాన పడినప్పుడు, మంచం పైన అమర్చిన అద్దంలో చూసుకుంటూ ఆమె తన బొమ్మలు వేసుకోవడం మొదలుపెట్టారు. 1932 జులైలో అమెరికాలోని డెట్రాయిట్‌లో గర్భస్రావం జరిగాక, ఆసుపత్రి మంచం మీద రక్తపు మరకల నడుమ పడుకుని, ఆరు ఎర్రటి దారాలు చేతపట్టుకున్న స్త్రీగా తనను చిత్రించుకున్నారు. ఆ దారాల చివర పోయిన బిడ్డ, విరిగిన కటి ఎముక, ఒక నత్త కూడా ఉన్నాయి. గర్భస్రావం ఎంత నెమ్మదిగా సాగిందో చెప్పడానికే ఆ నత్త. ఆ బొమ్మలు ఆమె నొప్పిని నయం చేయలేదు, 1954లో చనిపోయేదాకా శస్త్రచికిత్సలు తప్పలేదు. అయితే లోపల నలుగుతున్నదానికి ఒక రూపం దొరికింది. మీ కుంచె కూడా మీకు అంతవరకు తోడుంటుంది, మిగతాది వైద్యులు చూడవలసిన పని.

మీ ఉత్తరం చదువుతూ నేను ఆ తాళంచెవి దగ్గర ఆగాను. స్కూటర్ మీద స్కూలుకు వెళ్లడం వల్లే బిడ్డ పోయిందని ఎవరైనా అన్నారో, మీరే అనుకుంటున్నారో ఉత్తరంలో లేదు. ఎవరు అనుకున్నా అది పొరపాటు. తొలి మూడు నెలల్లో పోయే గర్భాలలో దాదాపు సగం పిండంలోని క్రోమోజోముల లోపం వల్లే పోతాయి. స్కూటర్ నడపడం, మెట్లెక్కడం, బరువున్న సంచి మోయడం వంటి రోజువారీ పనులు అందుకు కారణం కావు. ఈ మాట మీ గైనకాలజిస్టు నోట మీవారు, అత్తగారు కూడా వినేలా ఒకసారి అందరూ కలిసి వెళ్లండి.

ఇక తలనొప్పి. మూసిన గదిలో ఆయిల్ రంగులను పలచన చేసే టర్పెంటైన్ ఆవిరి పీలిస్తే తలనొప్పి, కళ్లు తిరగడం, గొంతు మంట వస్తాయి, మీరేమో తడి కాన్వాసుల పక్కనే నిద్రపోతున్నారు. బొమ్మలు పగటిపూట వరండాలో వేయండి, లేదా నీటి రంగులకు మారండి. సీసం కలిసిన ఫ్లేక్ వైట్ అనే తెల్ల రంగు వాడుతుంటే వెంటనే పక్కన పెట్టి టైటానియం వైట్ తెచ్చుకోండి. సీసం మాయను దాటి బిడ్డను చేరుతుంది కనుక, మళ్లీ గర్భం కోరుకునేవారికి ఈ జాగ్రత్త మరీ అవసరం. నీరసానికి హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. అబార్షన్‌లో రక్తం ఎక్కువగా పోయి ఉంటే రక్తహీనత రావచ్చు. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తక్కువ ఉంటే చికిత్స కావాలి.

మీవారి మాటనూ కొట్టిపారేయలేను. రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండి, తిండి, నిద్ర తప్పి, బొమ్మ వేయడం మీద కూడా ఆసక్తి పోయి, తప్పంతా నాదేనన్న ఆలోచన వదలకపోతే అది డిప్రెషన్ కావచ్చు, దానికి కౌన్సెలింగ్, మందులు ఉన్నాయి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఇంట్లో చెప్పి వైద్యుడి దగ్గరకు వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు మీకు ఇష్టమైతే ఆ తొమ్మిది బొమ్మల ఫొటోలూ తీసుకెళ్లండి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తడుముకునే మొదటి పది నిమిషాల్లో అవి పనికొస్తాయి.