ఆటోక్రాస్‌కి పాతిక వేలలో ఏ టైర్లు? ఒక వైజాగ్ స్విఫ్ట్ ఓనర్ జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పాత స్విఫ్ట్ వీఎక్స్ఐ ఉంది, రోజూ మధురవాడ నుంచి గాజువాక ఆఫీసుకి అదే కారు, మొదటిసారి ఆటోక్రాస్‌లో (కోన్ల మధ్య ఒక్కో కారునీ టైమ్ పెట్టి నడిపే పోటీ) దిగాలని ఉంది, టైర్లకి పాతిక వేలు మించి పెట్టలేను. యూట్యూబ్‌లో చెప్పే సాఫ్ట్ టైర్లు తెప్పించుకోవాలా, 16 అంగుళాల అల్లాయ్స్ వేయించాలా, ప్రాక్టీస్ ఎక్కడ చేయాలి?

నాదీ స్విఫ్టే. ఆదివారాలు వీలైతే కోన్ల మధ్య, మిగతా రోజులు ఎన్ఏడీ జంక్షన్ ట్రాఫిక్‌లో. కాబట్టి మీ బాధ తెలుసు. ఈ ఆటలో టైరు గిట్టుబాటయిందా లేదా అన్నది బిల్లు చూసి చెప్పలేం, ముందు రెండు టైర్ల అంచులు ఎన్నాళ్లు నిలబడ్డాయో చూసి చెప్పాలి. స్విఫ్ట్ ముందు చక్రాలతో లాగే కారు, లాగడం వాటిదే, తిప్పడం వాటిదే, బ్రేకులో బరువంతా మోసేదీ అవే, వెనక రెండూ ఊరికే వెంట వస్తుంటాయి. మీరు కొనే ప్రతి రూపాయి గ్రిప్పూ ఆ ముందు టైర్ల బయటి అంచు మీదే ఖర్చవుతుంది.

సాఫ్ట్ టైర్ల సంగతి ముందు తేల్చేద్దాం. మీరు చూసిన వీడియోలు దాదాపు అమెరికావి. అక్కడ ఎస్‌సీసీఏ అనే కార్ క్లబ్ నడిపే సోలో (ఆటోక్రాస్) పోటీల స్ట్రీట్ క్లాసుల్లో ట్రెడ్‌వేర్ నంబరు (టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పేది, తక్కువైతే సాధారణంగా రబ్బరు మెత్తన) 200కి తగ్గిన టైరు పెట్టకూడదు, అందుకే అందరూ సరిగ్గా 200 దగ్గర తయారైన యోకోహామా ఎ052, బ్రిడ్జ్‌స్టోన్ ఆర్ఈ-71ఆర్ఎస్ లాంటివాటి చుట్టూ తిరుగుతారు. అద్భుతమైన టైర్లే, కాదనను. కానీ మన దగ్గర 2020 జూన్ నుంచి కొత్త కారు టైర్ల దిగుమతి మీద ఆంక్షలున్నాయి, లైసెన్సు ఉంటేనే తెప్పించాలి, ఎక్కడో ఒక సెట్ దొరికినా రేటు వింటే మీ బడ్జెట్ ఒక్క టైరుకే సరిపోతుందేమో అనిపిస్తుంది, పైగా అది ఎన్నాళ్లుగా గోడౌన్‌లో పడి ఉందో ఎవరికీ తెలియదు. అది పెట్టుకుని రోజూ హైవే మీద ఆఫీసుకి తిరిగితే ఇట్టే అరిగిపోతుంది. ఇంకో విషయం, ఆటోక్రాస్‌లో ఒక రన్ మహా అయితే నిమిషం. టైరు వేడెక్కేలోపే ఫినిష్ లైన్ వచ్చేస్తుంది. వేడెక్కితే గానీ పట్టు ఇవ్వని ట్రాక్ టైరు కన్నా, చల్లగా ఉన్నప్పుడే పనిచేసే మంచి రోడ్డు టైరు మనకి నయం.

ట్రెడ్‌వేర్ నంబరు గురించి ఒక మాట. టైరు పక్కన 300, 420 అని ఉంటే అది ఆ కంపెనీ తన టైరుకి తానే ఇచ్చుకున్న రేటింగ్. 400 అంటే టెస్టులో 100 ఉన్న రిఫరెన్స్ టైరు కన్నా నాలుగింతలు మన్నుతుందని అర్థం. ఒకే కంపెనీలో రెండు మోడళ్లని పోల్చుకోవడానికి పనికొస్తుంది, రెండు కంపెనీల మధ్య పోల్చడానికి పెద్దగా నమ్మలేం. పక్కనే ఉండే ట్రాక్షన్ ఏ, బి అక్షరాలు తడి రోడ్డు మీద తిన్నగా బ్రేక్ వేసినప్పటివి, మలుపుల గురించి అవి ఏమీ చెప్పవు. మన దగ్గర అమ్మే చాలా టైర్ల మీద ఈ నంబర్లే ఉండవు కూడా.

ఇక సైజు. మీ వీఎక్స్ఐకి వచ్చేది 165/80 ఆర్14, అంటే వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్క ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు. సన్నగా, పొడుగ్గా ఉండే టైరు అది, మలుపులో సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మడతపడిపోతుంది. అదే కారులో పై వేరియంట్ జెడ్ఎక్స్ఐకి 185/65 ఆర్15 వస్తుంది. రెండింటి ఎత్తూ దాదాపు ఒకటే, ఒకటి 620 మిల్లీమీటర్లు, ఇంకోటి 622, స్పీడోమీటరుకి తేడా కూడా తెలియదు. 15 అంగుళాల ఇనుప రిమ్ములు సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోండి, మీ 14 అంగుళాలవి అమ్మేస్తే కొంత డబ్బు తిరిగొస్తుంది. 16 అంగుళాల అల్లాయ్స్ నేనైతే వద్దంటాను. చూడ్డానికి బాగుంటాయి, అంతే. టైరు రేటు పెరుగుతుంది, చాలా మార్కెట్ అల్లాయ్స్ బరువెక్కువ, మన సర్వీసు రోడ్ల గుంటలకి రిమ్ము వంగితే ఆ ఖర్చు వేరు.

టైరు మోడల్ అడిగితే, 185/65లో అపోలో ఆల్నాక్ 4జీ లాంటి కాస్త గట్టి సైడ్‌వాల్ ఉన్నది నా ఓటు. అదే కంపెనీలో అమేజర్ 4జీ లైఫ్ అని ఉంది, అది ఎక్కువ కిలోమీటర్లు రావడానికి చేసింది, క్యాబ్ నడిపేవాళ్లకి బంగారం, మనకి కాదు. మిగతా కంపెనీల్లో కూడా ఇలాగే చూడండి, మైలేజీ, కంఫర్ట్ అని గట్టిగా ప్రచారం చేసేవి పక్కన పెట్టండి. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, కాబట్టి పాత రేట్లు చెప్పేవాడితో కాస్త బేరం ఆడండి.

ఇప్పుడు అసలు డబ్బు మిగిలే చోటు. తారు రోడ్డు మీదో కాంక్రీటు మీదో ఎండలో పోటీ అయితే, కొత్త టైరు కన్నా సగం అరిగిన అదే టైరు మెరుగ్గా ఉంటుంది. కొత్తదానికి ట్రెడ్ (రోడ్డుకి తగిలే గాడుల భాగం) లోతు 7, 8 మిల్లీమీటర్లుంటుంది, ఆ రబ్బరు దిమ్మలు మలుపులో అటూ ఇటూ ఊగుతాయి, స్టీరింగ్ తిప్పాక కారు ఒక క్షణం ఆలోచించి తిరిగినట్టు ఉంటుంది. 4 మిల్లీమీటర్లకి వచ్చాక ఆ ఊగిసలాట తగ్గిపోతుంది. అందుకని పోటీ వారం ముందు కొత్త టైర్లు వేయించడం శుద్ధ దండగ. ఇప్పుడే కొని, ఆఫీసుకి తిరుగుతూ అరగనివ్వండి. 1.6 మిల్లీమీటర్లు చట్టం చెప్పే హద్దు, వానాకాలంలో మాత్రం దాని దాకా ఆగొద్దు, ఆనందపురం వైపు హైవే మీద నీళ్లు నిలిచినప్పుడు నున్నటి టైరుతో వెళ్లడం ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే.

సగం అరిగినవే మంచివంటున్నారు కదా, సెకండ్ హ్యాండ్ కొనేయొచ్చా అంటారేమో. కొనొచ్చు, కళ్లు తెరుచుకుని. ఆ మధ్య నా ఫ్రెండ్‌తో ఒక షాపుకి వెళ్తే ఆ పెద్దాయన నల్లగా నిగనిగలాడే టైరు దొర్లించుకొచ్చి "కొత్తదాని కింద లెక్క బాబూ, ఏటి చూస్తావ్ ఇంకా" అన్నాడు. టైరు పక్కన తయారీ కోడ్ చూస్తే చివర 1418. అంటే 2018లో 14వ వారం తయారీ. పాలిష్‌ని తడిగుడ్డతో తుడిచి సైడ్‌వాల్‌ని బొటనవేళ్లతో వంచితే, ట్రెడ్ గాడుల మధ్య సన్నటి పగుళ్లు వెంట్రుకల్లా విచ్చుకున్నాయి. మన ఎండకి, పాత రబ్బరుకి అంతే. ట్రెడ్ ఎంత ఉన్నా, రబ్బరు గట్టిపడిందంటే గ్రిప్ పోయినట్టే. లోపలి వైపు కూడా చేయి పెట్టి చూడండి, ప్యాచ్ వేసి ఉంటే దండం పెట్టి వచ్చేయండి. దీనికన్నా మంచి దారి ఒకటుంది: కొత్త కారు కొనగానే అల్లాయ్స్, వెడల్పు టైర్లు వేయించుకునేవాళ్లు వదిలేసిన ఒరిజినల్ టైర్లు షాపుల్లో ఉంటాయి. తేదీ తాజాగా ఉంటుంది, రేటు బాగా తక్కువ. కంపెనీ మైలేజీ కోసం వేసినవి కాబట్టి గ్రిప్ ఓ మోస్తరే, కానీ మొదటి ఏడాది నేర్చుకోవడానికి అంతకన్నా ఏం కావాలి? నిజానికి కాస్త త్వరగా జారే టైరు మీదే చేయి బాగా కుదురుతుంది, కీచుమని ముందే చెప్తుంది కదా.

గాలి విషయంలో పైసా ఖర్చు లేకుండా సెకన్లు దొరుకుతాయి. డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉన్నదానికన్నా ముందు టైర్లలో 5, 6 పీఎస్ఐ ఎక్కువ పెట్టి మొదలెట్టండి, టైరు మీద రాసిన గరిష్ఠ ప్రెషర్ మాత్రం దాటొద్దు. సుద్దముక్కతో ట్రెడ్ అంచు నుంచి సైడ్‌వాల్ మీదకి మూడు చోట్ల అడ్డగీతలు గీయండి. చాలా టైర్లకి అంచు దగ్గర చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది. రన్ అయ్యాక సుద్ద ఆ త్రికోణం దాటి కిందదాకా చెరిగిపోయిందంటే టైరు పక్కకి పొర్లుతోందని, ఇంకో 2 పీఎస్ఐ కొట్టాలి. ట్రెడ్ మీద అంచున సుద్ద ఇంకా మిగిలే ఉంటే గాలి ఎక్కువైంది, తీయాలి. మా వాళ్లలో ఒకడు దీన్ని వేళాకోళం చేసేవాడు, వాడి ముందు టైరు మీద కంపెనీ పేరులో సగం అక్షరాలు రుద్దుకుపోయాక ఇప్పుడు జేబులో సుద్ద లేకుండా రాడు. వెనక టైర్లలో కాస్త ఎక్కువ గాలి పెడితే కారు తోక తేలిగ్గా తిరుగుతుంది, మొదట్లో అది వద్దు. ఎండ ఎక్కేకొద్దీ ప్రెషర్ పెరుగుతుంది, సుమారు 5, 6 డిగ్రీలకి ఒక పీఎస్ఐ, కాబట్టి మంచి గేజ్ ఒకటి కొనుక్కుని ప్రతి రన్‌కీ చూసుకోండి, బంకుల దగ్గర మీటర్లు ఒక్కొక్కటీ ఒక్కో లెక్క చెప్తాయి. ఇంటికి బయలుదేరే ముందు మామూలు స్థాయికి తెచ్చేయండి.

మట్టి గ్రౌండ్ అయితే పైన చెప్పిన సగం అరిగిన సిద్ధాంతం తలకిందులు. అక్కడ ట్రెడ్ నిండుగా కావాలి, మీ సన్నటి 165 టైర్లే మట్టిలోకి దిగి బాగా పట్టుకుంటాయి. అందుకే డబ్బు కట్టే ముందు సర్ఫేస్ ఏంటో కనుక్కోండి, టైర్ల మీద ఏం నిబంధనలున్నాయో ఆ ఈవెంట్ రూల్స్ కాగితం చదవండి, ఎఫ్ఎంఎస్‌సీఐ (మన దేశ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య) కింద జరిగేదైతే లైసెన్సు కూడా అవసరం. పోటీల తర్వాత ముందు టైర్లని వెనక్కి మార్చుతూ ఉండండి. బాణం గుర్తు గానీ, పక్కన "అవుట్‌సైడ్" అన్న రాత గానీ లేని టైరైతే రిమ్ము మీద తిరగేసి వేయించొచ్చు, అరగని అంచు బయటికొస్తుంది.

ప్రాక్టీస్‌కి బీచ్ రోడ్డు మాత్రం వద్దు గురూ, రుషికొండ దాటాక తెల్లవారుజామున ఖాళీగా కనిపించినా సరే. పోలీసుల సంగతి పక్కన పెట్టండి, వాకింగ్‌కి వచ్చే పెద్దవాళ్లు, వేటకి వెళ్లే జాలర్లు ఎటునుంచి వస్తారో తెలియదు. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బల్లోకి కార్లు దింపే ఆలోచన కూడా పెట్టుకోవద్దు, అది కాపాడుకోవాల్సిన చోటు. ఓనరు అనుమతితో ఏదైనా ఖాళీ యార్డో కాలేజీ గ్రౌండో చూడండి, దొరికితే నాకు మెసేజ్ పెట్టండి, కోన్లు నా దగ్గరున్నాయి.