‘ఒతెల్’ తద్భవమా? ‘ఒపితల్’ తత్సమమా?

సందేహం: ఇంటర్మీడియెట్‌లో ద్వితీయ భాషగా ఫ్రెంచి చదువుతున్నాను. బస చేసే చోటును తెలిపే ‘ఒతెల్’, ఆసుపత్రిని తెలిపే ‘ఒపితల్’ ఒకే లాటిన్ మాట నుంచి వచ్చాయని పాఠంలో ఉంది. అలాగైతే మొదటిదాన్ని తద్భవమనీ, రెండోదాన్ని తత్సమమనీ తెలుగు వ్యాసంలో రాయవచ్చునా? ఇంకొక సందేహం. ‘పెళుసైన’ అనే అర్థం గల ‘ఫ్రజిల్’కు రెండే అక్షరాలని మా అధ్యాపకురాలు చెప్పారు. తెలుగులో రాసి చూస్తే మూడు కనిపిస్తున్నాయి. ఏది సరి? – ఒక విద్యార్థిని, హైదరాబాదు

సమాధానం: మీ రెండు సందేహాల ముడి ఒక్కచోటే ఉంది. ఫ్రెంచిలో ఏ మాట జనం నోట నలిగి వచ్చిందో, ఏది పండితులు గ్రంథాల నుంచి తెచ్చుకున్నదో తేల్చడానికి అక్షరాల లెక్కే మొదటి సాధనం. కనుక రెండో సందేహంతోనే మొదలుపెడతాను.

‘అక్షరం’ అనే మాటను మనం రెండు అర్థాలలో వాడుతున్నాం. బడిలో ‘మూడక్షరాల మాట చెప్పు’ అన్నప్పుడు లిపిలో విడివిడిగా కనిపించే రూపాలను లెక్కపెడతాం. ఛందస్సులో అక్షరమంటే ఒక అచ్చును ఆధారం చేసుకొని ఒక్క ఊపులో పలికే ధ్వనుల సముదాయం. ఛందస్సు లెక్కన ‘ఫ్రజిల్’ చివరి పొల్లుకు విడిగా ఉనికి లేదు. అది ముందున్న ‘జి’తో కలిసి దానిని గురువు చేస్తుంది. ‘ఫ్ర’ లఘువు, ‘జిల్’ గురువు, వెరసి రెండక్షరాలు. మీ అధ్యాపకురాలు చెప్పినదీ, మన లాక్షణికులు చెప్పేదీ ఒకటే. మూడు అన్నది కేవలం కంటి లెక్క.

అయితే ఫ్రెంచివారికీ ఇటువంటి కంటి లెక్క ఒకటి ఉంది. ‘ఫ్రజిల్’ అన్న మాట చివర వారి లిపిలో ఒక ‘ఎ’కారం రాస్తారు కాని మామూలు మాటలో పలకరు. పద్యంలో మాత్రం దాని వెనుక హల్లుతో మొదలయ్యే మాట వస్తే అది లేచి కూర్చుంటుంది. పువ్వుకు వారి మాట ‘ఫ్లర్’. ‘ఫ్రజిల్ ఫ్లర్’ అనే పదబంధానికి సంభాషణలో మూడక్షరాలు. పన్నెండక్షరాల అలెక్సాండ్రిన్ పాదంలో పెడితే ‘ఫ్ర-జి-ల-ఫ్లర్’ అని నాలుగు. వెనుక అచ్చు వస్తే అదే ‘ఎ’కారం లోపిస్తుంది. ఉకార సంధి చదువుకున్న మీకు ఇది వింతగా ఉండదు.

ఇక లాటిన్ సంగతి. దానికి మాటలో ఒక అక్షరాన్ని ఊని పలికే అలవాటు ఉండేది, ఆ ఊనిక ఎక్కడ పడాలన్నది గురులఘువులే నిర్ణయించేవి. చివరి నుంచి రెండో అక్షరం గురువైతే ఊనిక దానిమీద, లఘువైతే దానికి ముందున్న అక్షరంమీద పడేది. ‘ఫ్రగిలెమ్’లో ‘గి’ లఘువు కనుక ఊనిక ‘ఫ్ర’ మీద పడింది. శతాబ్దాల తరబడి జనం నోట నలుగుతున్నకొద్దీ ఊనిక ఉన్న అక్షరం నిలిచి, దాని వెనుకవి బలహీనపడి రాలిపోగా మిగిలినది ‘ఫ్రెల్’ అనే ఏకాక్షర పదం. ఇప్పుడు దానికి ‘బలహీనమైన, నాజూకైన’ అని అర్థం. ‘ఫ్రజిల్’ కథ వేరు. దానిని చదువుకున్నవారు గ్రంథస్థమైన లాటిన్ నుంచి తీసుకున్నారు. లాటిన్ ఊనిక వారి చెవికి అందలేదు, కంటికి కనిపించిన అక్షరాలే అందాయి. ఫ్రెంచిలో ఊనిక మాట చివరి అక్షరానికి చెందుతుంది కనుక అది పోయి ‘జిల్’ మీద కూర్చుంది. లాటిన్‌లో రాలిపోవలసిన అక్షరమే ఫ్రెంచిలో గద్దెనెక్కిందన్నమాట. ఊనిక మూలస్థానంలోనే ఉంటే జనం మాట, తప్పితే పండితుల మాట అనే ఈ పరీక్షను గస్తోఁ పారిస్ అనే భాషావేత్త 1862లో వెలువరించిన గ్రంథంలో సోపపత్తికంగా స్థాపించాడు. 1868లో ఒగ్యుస్త్ బ్రాషె ఇటువంటి ఏకమూల పదాలకు ఒక నిఘంటువునే కూర్చాడు. (‘గస్తోఁ’లోని అనునాసికాచ్చును చూపడానికి మనం అటకెక్కించిన అరసున్న ఎంత పనికొస్తున్నదో గమనించండి.)

మీరడిగిన జంటకు మూలం ‘హొస్పితాలెమ్’, అతిథులకు సంబంధించినదని అర్థం. అందులో ‘తా’ గురువు, ఊనిక దానిమీద. ముందున్న ‘పి’లోని అచ్చు రాలిపోయింది, ‘స’కూ ‘త’కూ మధ్య ఇరుక్కున్న ‘ప’ నిలవలేకపోయింది, ఊనిక గల ‘ఆ’కారం, సముద్రమనే అర్థం గల లాటిన్ ‘మారె’ ఫ్రెంచిలో ‘మెర్’ అయినట్టే, ‘ఎ’కారమయింది. అలా పుట్టిన ‘ఒస్తెల్’లోని ‘స’ కూడా కొంతకాలానికి పలుకుబడి నుంచి తప్పుకుంది. రాతలో మాత్రం చాలాకాలం మిగిలి, ఫ్రెంచి అకాదెమీ 1740 నాటి నిఘంటువులో ఇటువంటి మూగ ‘స’కారాలను తొలగించి వాటి గుర్తుగా అచ్చు నెత్తిన చిన్న గొడుగు పెట్టింది. ఇంగ్లీషువారు ఈ మాటను ‘స’ ఉన్న రోజులలో ఒకసారి, పోయిన తరువాత మరొకసారి ఎరువు తెచ్చుకున్నారు. మొదటిది మన హాస్టలు, రెండోది మన హోటలు. ఆసుపత్రీ ఆ మూలానిదే. నాలుగక్షరాల లాటిన్ మాట ఫ్రెంచిలో రెండక్షరాలకు కుదించుకుపోయి, అజంతం కానిదే తృప్తిపడని మన నోట పడి ‘హోటలు’ అని మూడయింది; ఆసుపత్రిలోనైతే మళ్లీ నాలుగూ దక్కాయి.

ఇటువంటి ఏకమూల పదాలలో జనం మాట తరచు అర్థంలోనూ ఎక్కువ దూరం నడిచి ఉంటుంది. పానీయమనే అర్థం గల లాటిన్ మాట నుంచి పండితులు తీసుకున్న ‘పొస్యోఁ’ ఇంకా తాగే మందే. జనం నోట నలిగిన ‘ప్వజోఁ’ విషమయింది. ఓడ నడపడమనే అర్థం గల ‘నావిగారె’ నుంచి వచ్చిన ‘నవిగె’ ఓడమీదనే ఉంది, ‘నజె’ నీళ్లలో దిగి ఈదుతున్నది. సీజరు అగస్టస్ పేరు ఆగస్టు నెలకు ఫ్రెంచిలో ‘ఊత్’ అని ఏకాక్షరంగా మిగిలింది. కొందరు ఆ పొల్లునూ వదిలి ‘ఊ’ అంటారు. ఘనుడనే అర్థంలో ‘ఒగ్యుస్త్’ మాత్రం దర్జాగా నిలిచింది.

ఈ తేడా మన భాషలోనూ ఉంది. యాత్ర ప్రయాణంగానే ఉండగా జాతర అమ్మవారి ఉత్సవమయింది. ఒక్కోసారి దీనికి విరుద్ధంగా, శ్రీ పేరు ముందు గౌరవవాచకమయితే సిరి సంపదగా మిగిలింది. అందుకే మీకు తత్సమ తద్భవాలు గుర్తొచ్చాయి. పోలిక సహజమే కాని, దానిని ఒక హద్దు దాటించకూడదు.

తత్సమం విషయంలో పెద్ద చిక్కు లేదు. సంస్కృత ప్రాతిపదికను ఉంచుకొని విభక్తిని తెలుగు చేసుకొని మనం ‘రాముడు’ అన్నట్టే, వారు ‘ఫ్రగిలెమ్’ చివర సవరించుకొని ‘ఫ్రజిల్’ అన్నారు. చిక్కంతా తద్భవంతోనే. చిన్నయ సూరి బాలవ్యాకరణంలో చెప్పిన తద్భవం సంస్కృతం నుంచీ ప్రాకృతం నుంచీ పుట్టి తెలుగులోకి వచ్చినది. తెలుగు ద్రావిడభాష, దీవి, సిరి, జాతర ఎంత పాతవైనా బయటినుంచి వచ్చి మనలో కలిసినవే. ఫ్రెంచిలోకి ‘ఒతెల్’ ఎక్కడినుంచీ రాలేదు. ‘హొస్పితాలెమ్’ అన్నవారి పిల్లలు, ఆ పిల్లల పిల్లలు ఒక్క తరమైనా విరామం లేకుండా ఆ మాటను పలుకుతూ పోగా అదే ‘ఒతెల్’ అయింది. 813లో తూర్ పట్టణంలో సమావేశమైన మతాచార్యులు ప్రసంగాలను జనం మాట్లాడే ‘గ్రామ్య రోమను భాష’లోకి మార్చి చెప్పాలని నిర్ణయించారంటే, అప్పటికే జనం తాము పలుకుతున్నదానికీ గ్రంథాల లాటిన్‌కూ పొంతన కుదుర్చుకోలేని స్థితికి వచ్చారన్నమాట. పండితుల మాటలు వచ్చి చేరినది ఆ ఎడం ఏర్పడ్డాకనే. 14వ శతాబ్దిలో నికొల్ ఒరెమ్ అరిస్టాటిల్ గ్రంథాలను ఫ్రెంచిలోకి అనువదించినప్పుడు వాటిని విరివిగా దించాడు.

కనుక పుట్టుకను బట్టి ‘ఒతెల్’ను లాటిన్‌కు తద్భవమనవచ్చును గాని, ఫ్రెంచిలో దాని స్థానం మన దేశ్యపదాల స్థానం. నీళ్లకు వారి మాట ‘ఓ’. లాటిన్ ‘అక్వ’ అంతా అరిగి ఒక్క అచ్చు మిగిలింది. నీటికి సంబంధించినదని చెప్పాలంటే ఆ ‘ఓ’ నుంచి విశేషణం పుట్టదు, పండితుల ‘అక్వతిక్’ రావలసిందే. తండ్రి ‘పేర్’, తండ్రికి సంబంధించినది ‘పతెర్నెల్’. మనమూ నీరు అంటాం, జలరవాణా అంటాం. కన్ను అంటాం, నేత్రవైద్యుడంటాం. మన దేశ్యపదం చేసే పనిని అక్కడ జనం మాటా, మన తత్సమం చేసే పనిని పండితుల మాటా చేస్తున్నాయి. సరిగా పోలిక చెప్పాలంటే హిందీ దగ్గర ఉంది: పొలానికి జనం నోట నలిగి వచ్చిన ‘ఖేత్’, మళ్లీ సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘క్షేత్ర’.

‘ఒపితల్’ కూడా నికరమైన తత్సమం కాదు. అది గ్రంథాల నుంచి వచ్చినదే అయినా చాలా ముందుగా రావడంవల్ల, ‘స’ రాలిపోయే కాలానికి జనం నోట ఉండి దానినీ పోగొట్టుకుంది; అందుకే దాని నెత్తిమీదా గొడుగు ఉంది. ఆసుపత్రిలో చేర్చడమనే అర్థం గల ‘ఒస్పితలిజె’ ఆలస్యంగా వచ్చింది కనుక ‘స’కారాన్ని భద్రంగా ఉంచుకుంది. ఇటువంటి మధ్యస్థ రూపాలకు అర్ధతత్సమమనే మాట మన భాషాశాస్త్ర రచనలలో వాడుకలో ఉంది.

ఈ జోడీలను ‘జంటపదాలు’ అని మాత్రం రాయకండి; తెలుగులో ఆ పేరు పిల్లాజెల్లా, ఇల్లూవాకిలీ వంటివాటికి స్థిరపడింది. మీ వ్యాసంలో ‘ఒతెల్, ఒపితల్ ఏకమూల పదాలు, మొదటిది లాటిన్ నుంచి వారసత్వంగా వచ్చిన మాట, రెండోది పండితులు తెచ్చుకొన్న అర్ధతత్సమం’ అని రాస్తే తప్పుపట్టడానికి చోటుండదు.