వేపాకు నీళ్లు నేనూ వాడాను

అడిగింది ఇది: బాక్టీరియల్ వజైనోసిస్‌ను (యోనిలో ఉండే బాక్టీరియా సమతుల్యం చెదిరి వచ్చే జబ్బు) డాక్టర్ దగ్గరికి వెళ్లకుండా ఇంటి చిట్కాలతో, మూలికలతో తగ్గించుకోవచ్చా?

తగ్గదు. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, అమీర్‌పేట హాస్టల్లో ఉన్నప్పుడు మూడు వారాలు నా ఒంటి మీదే ప్రయోగం చేసుకున్నాను.

పల్చగా, బూడిద రంగులో తెల్లబట్ట. చేపల వాసన. దురద లేదు, నొప్పి లేదు. కానీ ఆఫీసులో ఎవరైనా పక్కన కూర్చుంటే చాలు, టెన్షన్. పిన్నికి ఫోన్ చేస్తే, "వేడి చేసిందే నీకు. మజ్జిగ తాగు. వేపాకు మరిగించి, చిటికెడు పటిక వేసి కడుక్కో" అంది. సందు చివర వేపచెట్టుంది, గదిలో పొయ్యి లేదు. రూమ్మేట్ ఎలక్ట్రిక్ కెటిల్‌లోనే మరిగించాను. మర్నాడు తను ఛాయ్ పెట్టుకుని ఒక్క గుక్క తాగి, "పాలపొడి పాడైందే" అని ప్యాకెట్ మొత్తం చెత్తబుట్టలో పడేసింది. నేను నోరు మెదపలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

బయట కడుక్కుని ఊరుకున్నా బాగుండేది. రోజుకు రెండుసార్లు లోపలికంటా కడిగాను. రెండు రోజులు వాసన తగ్గినట్టే ఉండేది, మూడో రోజు ఇంకా ఎక్కువ. ఎక్కువైందని ఇంకా కడిగాను. చివరికి మంట కూడా మొదలైంది.

అప్పుడు ఒక క్లినిక్‌కి వెళ్లాను. రిసెప్షన్‌లో పదిమంది వింటుండగా మొదటి ప్రశ్న, "పెళ్లయిందా?" కాలేదన్నాను. పైనుంచి కిందికి ఒక చూపు. చీటీ కూడా రాయించుకోకుండా వచ్చేశాను. సగం మంది ఆడపిల్లలు ఈ ప్రశ్నకు భయపడే చిట్కాలు వెతుక్కుంటారని నా నమ్మకం. దగ్గుకి వెళ్తే ఎవరైనా పెళ్లి గురించి అడుగుతారా? మెడికల్ షాపులోనూ అంతే, ప్యాడ్స్‌ని పేపర్లో చుట్టి, మళ్లీ నల్ల కవర్లో వేసి దొంగసరుకులా చేతిలో పెడతారు.

రెండో డాక్టరమ్మ పెళ్లి ఊసే ఎత్తలేదు. పరీక్ష చేసి, రంగు మారిన చిన్న కాగితం ముక్క చూపించింది. అక్కడ పుల్లదనం ఉండాలట, పీహెచ్ (పులుపు కొలత, అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు) 4.5 దాటకూడదట. దాన్ని కాపాడే లాక్టోబాసిల్లస్ అనే మంచి బాక్టీరియా తగ్గిపోయి వేరే బాక్టీరియా పెరగడమే ఈ జబ్బు. లోపల కడిగితే ఆ మంచివే కొట్టుకుపోతాయి. "ఇది మురికి కాదమ్మా, కడిగితే పోవడానికి" అంది.

మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్, 7 రోజులు, రోజుకు రెండు మాత్రలు. నోరంతా తుప్పు రుచి, బిర్యానీ తిన్నా ఇనుము నాకినట్టే. నాలుగో రోజుకి వాసన పోయింది.

నాలుగు నెలలకు మళ్లీ వచ్చింది, అదీ చెప్పాలి. ఏడాదిలోపు తిరగబెట్టడం ఈ జబ్బులో మామూలేనట. మళ్లీ అదే డాక్టర్, మళ్లీ కోర్సు. "ఇంగ్లీషు మందుతో వేరు నుంచి పోదు" అనేవాళ్లకి ఇదే దొరుకుతుంది. వేపాకుతో పైపైన కూడా పోలేదు కదా!

పెరుగు అన్నంలో కలుపుకు తినండి, లోపల రాయొద్దు. తోడుపెట్టిన పెరుగులో ఉండే బాక్టీరియా, అక్కడ ఉండాల్సిన బాక్టీరియా ఒకటి కావు. వెల్లుల్లి పోపులోకే, లోపల పెట్టుకోవడానికి కాదు. కడుపుతో ఉన్నవాళ్లు మాత్రం ఒక్కరోజు కూడా చిట్కాలతో గడపొద్దు, నెలలు నిండకుండానే కాన్పయ్యే ప్రమాదం పెరుగుతుంది.

తగ్గాక పిన్నికి ఫోన్ చేసి అంతా చెప్పాను. "అన్ని మాత్రలా? వేడి చేస్తుందే, మజ్జిగ తాగు" అంది. తాగాను.